చెమట ఆరని ఊళ్లో గోల్ఫ్

(చెన్నై టి.నగర్‌లో తెలుగు గోల్ఫ్ మిత్రులు వేసవి ఆటలకు ముందు ఏర్పాటు చేసుకున్న సమావేశంలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షుల వారికి, పెద్దలకు, మిత్రులకు, వెనక వరుసలో కూర్చున్న, ఆటలో మన బ్యాగులు మోసే క్యాడీ సోదరులకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను మాట్లాడబోతున్నానని తెలిసి లోపలికి వస్తూనే ఒక మిత్రుడు, "డాక్టరు గారూ, మే నెలలో ఆట మానేయండని చెప్పడానికి గంటసేపు ఎందుకండీ, ఒక్క వాక్యంలో చెప్పేయండి" అన్నారు. ఆయన అనుకున్నది చెప్పడానికి నేను రాలేదు. ఇరవై ఏళ్లుగా ఈ నగరంలోనే ఆడుతున్నాను. మే నెలలో ఇక్కడ కత్తిరి అని పిలిచే మండుటెండల్లోనూ ఆడాను, ఒకసారి తెలివితక్కువగా ఆడి దెబ్బ తిన్నాను కూడా. ఎండలో ఆడవచ్చు. అయితే చెన్నై ఎండ గురించి మనలో చాలామందికి ఉన్న అంచనా పొరపాటుది. ఆ పొరపాటు ఎక్కడుందో చూపించి, దాన్నిబట్టి ఆటను ఎలా సర్దుకోవాలో చెప్పడమే నా పని.

మా అమ్మమ్మ గారిది కర్నూలు. వేసవి సెలవులకు వెళితే వసారాలో ఇసుక మీద పెట్టిన మట్టికుండలోని నీళ్లు పళ్లు జివ్వుమనేంత చల్లగా ఉండేవి. బయట 42 డిగ్రీల ఎండ. ఉద్యోగరీత్యా చెన్నై వచ్చాక అదే మట్టితో చేసిన కుండ ఒకటి తెచ్చుకుని వంటింట్లో పెట్టాను. ఇక్కడ ఎండ 35 డిగ్రీలే అయినా కుండ నీళ్లు చప్పగా, గోరువెచ్చగా ఉండేవే తప్ప జిల్లుమన్న పాపాన పోలేదు. కుండలో లోపం లేదు. కుండ గోడ నుంచి ఊరిన తేమ గాలిలోకి ఆవిరై పోతేనే లోపలి నీళ్లు చల్లబడతాయి. ఇక్కడి గాలి అప్పటికే సముద్రపు తేమతో నిండి ఉంటుంది కనుక ఆ తేమ పోవడానికి చోటు లేదు. మన శరీరం కూడా ఒక మట్టికుండ. చెమట పట్టడం వల్ల ఎవరూ చల్లబడరు, చెమట ఆరడం వల్ల చల్లబడతారు. ఒక లీటరు చెమట చర్మం మీద పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కిలో క్యాలరీల వేడిని తీసుకుపోతుంది. అదే లీటరు చెమట మోచేతి నుంచి, చొక్కా అంచు నుంచి బొట్లుబొట్లుగా గడ్డి మీద రాలిపోతే శరీరానికి మిగిలేది నష్టమే: నీరూ పోయింది, ఉప్పూ పోయింది, వేడి మాత్రం లోపలే ఉంది.

ఈ తేడాను లెక్కగా చూపించడానికి ఒక సులువైన కొలత ఉంది. ఉష్ణమాపకం బుడ్డికి తడిగుడ్డ చుట్టి గాలి ఆడనిస్తే అది చూపే అంకెను తడిబుడ్డి ఉష్ణోగ్రత అంటారు. గాలిలో తేమ 20 శాతం ఉన్నప్పుడు 42 డిగ్రీల కర్నూలు ఎండలో అది దాదాపు 24 డిగ్రీలు ఉంటుంది. తేమ 65 శాతం ఉన్నప్పుడు 35 డిగ్రీల చెన్నై ఎండలో అది 29 దాటుతుంది. అంటే పత్రికలో ఏడు డిగ్రీలు తక్కువగా కనిపించిన ఊరు శరీరానికి అయిదు డిగ్రీలు ఎక్కువ కష్టంగా ఉందన్నమాట. "రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి" అని మనవాళ్లు అన్నది పొడి ఎండను చూసి. ఇక్కడ రోళ్లు పగలవు, కానీ మనుషులు పడిపోతారు.

అమెరికాలో 1950 దశకంలో సైనిక శిక్షణలో కుర్రవాళ్లు వడదెబ్బకు కూలిపోతుంటే, అక్కడివారు తడిబుడ్డి అంకెకు పది పాళ్లలో ఏడు, ఎండలో పెట్టిన నల్లగోళం అంకెకు రెండు, మామూలు ఉష్ణోగ్రతకు ఒక పాలు ఇచ్చి ఒక మిశ్రమ కొలత తయారుచేశారు. నేటికీ క్రీడావైద్యులు దాన్నే వాడతారు. అది 32 దాటితే కఠినమైన శ్రమ ఆపమని సాధారణంగా సలహా ఇస్తారు. చూడండి, మనం రోజూ ఉదయం ఫోనులో చూసుకుని బెంబేలెత్తే మామూలు ఉష్ణోగ్రతకు ఆ లెక్కలో దక్కింది పదో వంతు మాత్రమే. కాబట్టి ఈ వేసవి నుంచి ఫోనులో ఉష్ణోగ్రత పక్కన ఉండే తేమ శాతాన్ని కూడా చూడటం అలవాటు చేసుకోవలసిందిగా కోరుతున్నాను. బెంగళూరు నుంచి పోటీలకు వచ్చే మిత్రులకు ఇది మరీ ముఖ్యం. తొమ్మిది వందల మీటర్ల ఎత్తున, పొడిగాలిలో ఆడే అలవాటుతో, "మా దగ్గరా 35 ఉందండీ" అంటూ వస్తారు. ఏడో హోల్, అంటే బంతిని వేయవలసిన ఏడో గుంత, దగ్గరికి వచ్చేసరికి వాళ్ల చొక్కా పిండితే చెంబుడు నీళ్లు వస్తాయి.

ఇక వేళ సంగతి. మే నెలలో మనకు సూర్యోదయం దాదాపు 5:45కు. ఆ వేళ తేమ రోజంతటిలోకి ఎక్కువగానే ఉంటుంది, అందుకే కొందరు "పొద్దున్నే ఆడినా చెమటలేగా" అని పెదవి విరుస్తారు. నిజమే, చెమట పడుతుంది. కానీ సూర్యుడు వాలుగా ఉంటాడు, నేల ఇంకా కాగి ఉండదు. తొమ్మిది దాటాక ఈ రెండు వెసులుబాట్లూ పోతాయి. మన నగరం 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కనుక ఏప్రిల్ చివరి వారానికి సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ తర్వాత కొన్ని వారాల పాటు చెట్టు నీడ కూడా చెట్టు మొదట్లోనే ముడుచుకుని ఉంటుంది, మనం ఆడుతూ నడిచే గడ్డిబాట, ఫెయిర్‌వే, దాకా రాదు. మధ్యాహ్నం సముద్రపు గాలి లోపలికి వస్తే కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. పడమటి గాలి బలంగా ఉన్న రోజుల్లో ఆ సముద్రపు గాలి ఆలస్యమవుతుంది, ఒక్కోరోజు రానే రాదు. 2003 మే 31న ఈ నగరంలో 45 డిగ్రీలు నమోదైన సంగతి ఈ సభలోని పెద్దలకు గుర్తుండే ఉంటుంది. పదకొండు నుంచి నాలుగు వరకు ఆట వద్దు. సాయంత్రం నాలుగున్నర తర్వాత గాలి తిరిగి ఉంటే, పొద్దు గుంకేలోగా తొమ్మిది హోల్స్ హాయిగా ఆడుకోవచ్చు.

తొమ్మిది అనగానే కొందరి ముఖం చిన్నబోవడం ఇక్కడికి కనిపిస్తోంది. పద్దెనిమిది ఆడకపోతే ఆట కాదన్న పట్టుదల మన తరానిది. ఆటగాడి స్థాయిని అంకెగా చెప్పే ప్రపంచ హ్యాండీకాప్ విధానం 2020లో వచ్చాక తొమ్మిది హోల్స్ స్కోరు కార్డు కూడా లెక్కకు వస్తుంది. 2024 సవరణ తర్వాత మరో తొమ్మిది హోల్స్ కార్డు కోసం ఎదురుచూడనక్కరలేకుండా, మిగతా తొమ్మిదికి మీ స్థాయినిబట్టి రావలసిన అంచనాను జోడించి వెంటనే గణిస్తున్నారు. పద్దెనిమిది హోల్స్ అంటే నాలుగు గంటలకు పైగా ఎండలో ఉండటం, ఎనిమిది నుంచి పది కిలోమీటర్ల నడక. సగానికి కోస్తే సగం ప్రమాదం తగ్గుతుందని అనుకోకండి, అంతకంటే ఎక్కువే తగ్గుతుంది. ఎందుకంటే వేడి మొదటి గంటలో కాదు, మూడో గంటలో మనిషిని పట్టుకుంటుంది.

నన్ను పట్టుకున్నదీ మూడో గంటలోనే. కొన్నేళ్ల కిందటి మాట. ఊరు పేరు ఇదే, మైదానం పేరు అనవసరం. ముందు రోజు రాత్రి ఒక పెళ్లి విందు, నాలుగు గంటల నిద్ర, పొద్దున ఫిల్టర్ కాఫీ తప్ప ఏమీ తీసుకోలేదు. మా బృందం ఎనిమిదిన్నరకు బయల్దేరింది. పదమూడో హోల్ దగ్గర గ్రీన్ మీద, అంటే గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీద, బంతిని లోపలికి తోసి, దెబ్బల లెక్క కార్డులో రాసే మిత్రుడితో "అయిదు" అన్నాను. నా క్యాడీ మెల్లగా, "సార్, ఏడు" అన్నాడు. నేను లెక్కలో దొంగాట ఆడేవాణ్ని కాను, ఆ సంగతి అతనికీ తెలుసు. మళ్లీ లెక్కపెట్టడానికి ప్రయత్నించాను. టీ దగ్గర, అంటే హోల్ ఆట మొదలుపెట్టే చోట, కొట్టిన దెబ్బ గుర్తుంది, ఆ తర్వాతది గుర్తులేదు. అప్పుడు నా ముంజేతి వైపు చూసుకున్నాను. మండుటెండలో, వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. చలిజ్వరం వచ్చినవాడిలా లోపల వణుకు. వైద్యశాస్త్రం చదువుకున్నవాణ్ని, ఆ గుర్తు ఏమిటో విద్యార్థులకు చెప్పినవాణ్ని; అయినా ఆ క్షణాన నాకు తోచింది, "గాలి చల్లగా వీస్తోందే" అని మాత్రమే. ఆలోచించే అవయవమే ముందుగా దెబ్బతింటుంది కనుక వడదెబ్బ తగులుతున్న మనిషి తన పరిస్థితికి తాను సాక్షిగా పనికిరాడు. ఈ ఒక్క విషయం మాత్రం దయచేసి ఇంటికి పట్టుకెళ్లండి.

నా క్యాడీ నన్ను నిద్రగన్నేరు చెట్టు కింద కూర్చోబెట్టి, టోపీ తీసేసి, బంతులు కడగడానికి పెట్టుకున్న బక్కెట్టులో నా రెండు చేతులూ మోచేతుల దాకా ముంచి ఉంచాడు. ఎక్కడ నేర్చుకున్నాడో తెలియదు. అది శాస్త్రం ఒప్పుకున్న పద్ధతి. ముంజేతుల్లో రక్తం చర్మానికి దగ్గరగా పారుతుంది, అక్కడ చల్లబడిన రక్తం లోపలికి చేరుతుంది. మెడ మీద తడి తువ్వాలు వేసుకుంటే ప్రాణం లేచివచ్చినట్టు ఉంటుంది కానీ లోపలి వేడిని పెద్దగా తగ్గించదు. చేతులు ముంచడం తగ్గిస్తుంది. పావుగంటలో నాకు ఆ హోల్‌లో ఆడిన ఏడు దెబ్బలూ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. లేచి చూస్తే అతను కాస్త దూరంగా నేల మీద కూర్చుని పిక్క పట్టుకుని నలుపుకుంటున్నాడు. పొద్దున్నుంచి ఒక టీ, ఒక బన్ను తప్ప అతని కడుపులోకి ఏమీ పోలేదు. నా బ్యాగులో మూడు నీళ్ల సీసాలున్నాయి. మూడూ నావే. వాటిని మోసింది మాత్రం అతను.

ఈ విషయం మీద కాసేపు ఆగుతాను. క్యాడీ మనతోపాటు అంతే దూరం, పది పన్నెండు కిలోల బ్యాగుతో, మనకంటే ఒక అడుగు ముందుగా నడుస్తాడు. మనం నీడలో నిలబడి ముందు బృందం కదిలేదాకా ఎదురుచూస్తుంటే అతను గడ్డిలో బంతి వెతుకుతుంటాడు. ఒకే రోజులో రెండో రౌండుకు కూడా వెళ్లేవారున్నారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌ను మనం మన గోల్ఫ్ క్రీడాకారిణి అదితి అశోక్ నాలుగో స్థానంతో గుర్తుపెట్టుకున్నాం, పతకం ఒక్క దెబ్బ దూరంలో తప్పిపోయినందుకు ఈ సభలో ఉన్నవారంతా ఆ శనివారం ఉదయం నిట్టూర్చి ఉంటారు. అదే పోటీ మొదటి రౌండ్‌లో అమెరికా క్రీడాకారిణి లెక్సీ థాంప్సన్ క్యాడీ ఎండకు తాళలేక ఆట మధ్యలో తప్పుకోవలసి వచ్చింది. జట్టు తరఫున వచ్చిన మరొకరు బ్యాగు అందుకున్నారు. ఒలింపిక్ స్థాయిలో, వైద్యులు చుట్టూ ఉండగా, ముందు పడిపోయింది ఆడేవారు కాదు, మోసేవారు. ఎండ జాగ్రత్తలన్నీ ఆటగాడి పేరున రాసి క్యాడీని మరిచిపోతే ఆ జాగ్రత్త సగమే.

నీళ్ల విషయానికి వస్తాను. ఎంత తాగాలని అడిగితే అందరికీ ఒకే కొలత చెప్పలేను. ఈ తేమలో నడిచి ఆడేవారికి గంటకు అరలీటరు నుంచి లీటరు దాకా చెమట పోవచ్చు. మీ సంగతి మీరే తెలుసుకోవాలంటే ఆటకు ముందు, ఆట తర్వాత, తడిబట్టలు తీసేసి బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి కిలోకూ దాదాపు ఒక లీటరు నీరు బాకీ అని అర్థం. 70 కిలోల మనిషి కిలోన్నర తగ్గితే అది రెండు శాతం. అక్కడి నుంచి ఏకాగ్రత, చేతి నిలకడ తగ్గడం మొదలవుతుంది. చివరి నాలుగు హోల్స్‌లో మూడడుగుల పట్, అంటే గుంతలోకి మెల్లగా తోసే దెబ్బ, దాటిపోవడానికి కొత్త పట్టర్ కర్ర కొనడమే పరిష్కారం కాకపోవచ్చు. అలాగే బరువు పెరిగితే అదీ మంచిది కాదు. భయంతో ఉత్త మంచినీళ్లే లీటర్లకు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, మగత వస్తాయి. ఆ లక్షణాలు చూసి వడదెబ్బే అనుకుని ఇంకా నీళ్లు తాగించేవారుంటారు. ప్రతి టీ దగ్గర నాలుగైదు గుక్కలు, అంటే సుమారు పావుగంటకోసారి, సరిపోతుంది. దాహం వేసినప్పుడే తాగుతామనే సూత్రం కుర్రవాళ్లకు పనికొస్తుంది. వయసు పెరిగేకొద్దీ దాహం మొద్దుబారుతుంది కనుక అరవై దాటిన మనం గుర్తుపెట్టుకుని తాగవలసిందే.

ఏం తాగాలి? మన మజ్జిగకు మించింది నాకు కనపడలేదు. పలచగా చిలికి, ఉప్పు వేసి, కాస్త అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగలో నీరూ సోడియమూ రెండూ ఉన్నాయి. ఈ ఊళ్లో ఇళనీర్ అని పిలిచే కొబ్బరినీళ్లు చాలా మంచివే, కానీ అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ప్రధానంగా సోడియం. అందువల్ల కొబ్బరిబోండాం తాగి, ఆట ముగిశాక ఉప్పు తగిలిన ఉప్మానో, నిమ్మకాయ ఊరగాయ ముక్కతో పెరుగన్నమో తింటే లెక్క సరిపోతుంది. చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు కట్టేవారు ఓఆర్ఎస్ పొట్లం ఒకటి బ్యాగులో పెట్టుకోవాలి. దాన్ని పొట్లం మీద రాసిన కొలత నీళ్లలోనే కలపాలి, సగం నీళ్లలో చిక్కగా కలుపుకుంటే మేలుకు బదులు కీడు. రక్తపోటు, గుండె, మూత్రపిండాల సమస్య ఉన్నవారు ఈ ఉప్పు సలహాను నా మాట మీద కాకుండా తమ వైద్యుణ్ని అడిగే పాటించాలి. బీరు ఆట తర్వాతి దాహానికి మందు కాదని మాత్రం చెప్పి ముందుకు సాగుతాను, ఎక్కువ చెబితే వచ్చే ఏడాది నన్ను పిలవరు.

ఉప్పు మాట వచ్చింది కనుక ఒక పాత కథ. 1964లో అమెరికా ఓపెన్ అనే పెద్ద గోల్ఫ్ పోటీ వాషింగ్టన్ దగ్గర కాంగ్రెషనల్ మైదానంలో జరిగింది. ఆ రోజుల్లో చివరి రోజున 18 హోల్స్‌తో సరిపోదు, ఉదయం 18, మధ్యాహ్నం 18, మొత్తం 36 హోల్స్ ఆడాలి. తేమతో కూడిన ఆ ఎండలో కెన్ వెంచురీ అనే ఆటగాడు ఉదయం 18 హోల్స్‌ను 66 దెబ్బల్లో ముగించి, విరామంలో నేల మీద పడుకుండిపోయాడు. ఇక ఆడటం ప్రాణానికే ప్రమాదమని వైద్యుడు హెచ్చరించినా వినలేదు. ఉప్పు బిళ్లలు మింగి, టీ తాగి, వైద్యుడు వెంట నడుస్తుండగా మధ్యాహ్నం 70 కొట్టి గెలిచాడు. మరుసటి ఏడాదే నిర్వాహకులు ఒకే రోజు 36 హోల్స్ పద్ధతి ఎత్తేసి పోటీని నాలుగు రోజులకు విస్తరించారు. గోల్ఫ్ అభిమానులు దీన్ని వీరగాథగా చెప్పుకుంటారు. వైద్యుడిగా నాకు అది అదృష్టం కొద్దీ ఒడ్డునపడ్డ కథ. నిర్వాహకులు దానినుంచి నేర్చుకున్న పాఠాన్నే నేనూ తీసుకుంటాను. ఉప్పు బిళ్లలు ఉత్తగా మింగే పద్ధతిని ఇప్పుడు ఎవరూ సిఫారసు చేయరు. కడుపులో తిప్పడం తప్ప వాటివల్ల ఒరిగేది తక్కువ.

బట్టల గురించి మీకు నాకంటే ఎక్కువ తెలుసు కనుక త్వరగా ముగిస్తాను. వదులైన, లేత రంగు, నిండు చేతుల చొక్కా. ముందు భాగం మాత్రమే ఉండే టోపీకి బదులు చెవులనూ మెడ వెనక భాగాన్నీ కప్పే వెడల్పు అంచు టోపీ. సన్‌స్క్రీన్ 30 అంకెకు తగ్గనిది, ఇంటి దగ్గరే రాసుకుని రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. అరచేతికి అంటితే పట్టు జారుతుంది కనుక చేతి వెనక భాగంతో రాసుకునే పద్ధతి అలవాటు చేసుకోండి. చేతి తొడుగులు రెండు మూడు ఉంచుకుని మార్చుకుంటూ, తడిసినదాన్ని బ్యాగుకు వేలాడదీయండి. క్లబ్బులను కారు డిక్కీలో వదిలేయకండి, ఆ వేడికి పిడి కింద ఉన్న జిగురు మెత్తబడుతుంది. తేమ గాలి బరువుగా ఉండి బంతిని ఆపేస్తుందని మనలో చాలామంది నమ్మకం. నిజానికి నీటి ఆవిరి మిగతా గాలి కంటే తేలిక. బంతి దగ్గరలోనే పడితే తప్పు గాలిది కాదు, అలసిన నడుముది.

గొడుగు దగ్గర మాత్రం ఆగాలి, ఎందుకంటే ఇక్కడ ఆరోగ్యంతోపాటు నియమమూ ఉంది. నడిచేటప్పుడు క్యాడీ మీకు గొడుగు పట్టవచ్చు. మీరు బంతిని కొట్టే సమయంలో అతను మీ తలపై గొడుగు పట్టి నిలబడితే 10.2 నియమం కింద రెండు దెబ్బల శిక్ష. మీ గొడుగు మీరే పట్టుకుని ఒంటిచేత్తో చిన్న పట్ కొట్టుకోవచ్చు, దానికి అభ్యంతరం లేదు. నా వ్యక్తిగత అభిప్రాయం అడిగితే, నడిచేటప్పుడు కూడా గొడుగు మీరే పట్టుకోండి; అది ఇద్దరికీ సరిపోయేంత పెద్దదై ఉండాలి. మరో నియమం చాలామందికి తెలియదు. ఆట మధ్యలో ఎండకు సొమ్మసిల్లినట్టు అనిపిస్తే, కోలుకోవడానికి సాధారణంగా పదిహేను నిమిషాల దాకా పోటీ నిర్వాహకులు అనుమతించవచ్చని 5.6 నియమం వివరణలోనే ఉంది. కాబట్టి ఆలస్యం చేస్తున్నామన్న మొహమాటంతో ఎవరూ తూలుతూ నడవనక్కరలేదు. 2019 నుంచి బంతి వెతకడానికి అయిదు నిమిషాలకు బదులు మూడే. అది ఆట వేగం కోసం పెట్టిన నియమమే అయినా, ముళ్లపొదల దగ్గర మండుటెండలో నిలబడే క్యాడీకి రెండు నిమిషాల నీడ ఇచ్చిన నియమంగా నేను దాన్ని గౌరవిస్తాను.

మందులు వాడేవారు వినాలి. రక్తపోటుకు మూత్రం ఎక్కువగా పోయించే మందులు, గుండె వేగాన్ని అదుపుచేసే బీటా బ్లాకర్లు, జలుబుకూ అలర్జీకీ వాడే కొన్ని మాత్రలు, ఇవన్నీ శరీరం వేడిని వదిలించుకునే దారులను ఏదో ఒక విధంగా ఇరుకు చేస్తాయి. ఆపేయమని చెప్పడం లేదు, సొంతంగా ఆపితే అది ఇంకో ప్రమాదం. ఏప్రిల్‌లోనే మీ వైద్యుణ్ని కలిసి, "నేను ఎండలో రెండు గంటలు నడుస్తాను" అని స్పష్టంగా చెప్పండి. గోల్ఫ్ అంటే కార్టులో కూర్చుని తిరగడమే అనుకునే వైద్యులు మాలో చాలామంది ఉన్నారు. జ్వరం, విరేచనాలు తగ్గిన మర్నాడే మైదానానికి రావద్దు.

శరీరం ఎండకు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ తర్వాత చెమట త్వరగా మొదలవుతుంది, అందులో ఉప్పు తక్కువ పోతుంది. రోజంతా ఏసీ గదిలో ఉండి ఆదివారం మాత్రమే ఎండలోకి వస్తే ఆ అలవాటు ఎన్నటికీ రాదు. మొదటి వారం బంతులు కొట్టడం సాధన చేసే డ్రైవింగ్ రేంజిలో అరగంట, తర్వాత నాలుగు హోల్స్, ఆ తర్వాత తొమ్మిది, ఇలా పెంచుకుంటూ పోవాలి. అమెరికా నుంచి సెలవులకు దిగిన మన పిల్లలను మూడో రోజునే ఉత్సాహంగా పద్దెనిమిది హోల్స్‌కు తీసుకుపోయే తండ్రులకు ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. కాళ్ల పీకులు, తలతిరుగుడు, వికారం, విపరీతమైన నీరసం ఉండి మాట, తెలివి బాగా ఉంటే నీడలో పడుకోబెట్టి, కాళ్లు కాస్త ఎత్తుగా పెట్టి, ఉప్పు కలిపిన ద్రవం గుక్కగుక్కగా ఇస్తే చాలావరకు అరగంటలో తేరుకుంటారు. ఆ రోజుకు ఆట మాత్రం అక్కడితో సరి. మాట తడబడినా, పిచ్చిగా మాట్లాడినా, కోపంతో విదిలించుకున్నా, నడక తప్పినా, స్పృహ తగ్గినా అది వడదెబ్బ; లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి ఉండే అవకాశం ఉంది. చర్మం పొడిగా ఉంటేనే వడదెబ్బ అని మనకు చిన్నప్పుడు పాఠాల్లో చెప్పారు. ఎండలో శ్రమపడుతూ కూలినవారికి చెమటలు ధారగా కారుతూనే ఉండవచ్చు. "చెమట పడుతోంది కదా, ఫరవాలేదు" అనే మాట ప్రాణం తీస్తుంది.

అలాంటప్పుడు ఒకరు 108కు ఫోన్ చేయాలి, మిగతావారు ఆంబులెన్సు కోసం ఎదురుచూడకుండా చల్లబరచడం మొదలుపెట్టాలి. ముందు చల్లబరచడం, ఆ తర్వాతే తరలించడం. తొలి అరగంటలో వేడి ఎంత దిగితే మెదడుకు, కాలేయానికి అంత రక్ష. గోల్ఫ్ మైదానం ఇందుకు చక్కటి చోటు. గ్రీన్స్‌కు నీళ్లు పట్టే పైపు ఉంది, ఐస్ గడ్డలు వంటశాలలో ఉన్నాయి, తువ్వాళ్లు ప్రతి బ్యాగుకూ వేలాడుతున్నాయి. బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి, కార్ట్ పైకప్పు కిందో గొడుగు కిందో ఉంచి గట్టిగా విసరండి. మెడ పక్కలకు, చంకల్లో, గజ్జల్లో గుడ్డలో చుట్టిన ఐస్ పెట్టండి. తొట్టి ఉంటే తల పైకి పట్టుకుని మెడ దాకా చల్లటి నీళ్లలో ఉంచడం అన్నిటికంటే మంచిది. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం మాత్ర వేయవద్దు. ఇది జ్వరం కాదు, ఆ మాత్రకు ఇక్కడ పనిలేదు.

ఇంకొక్క మాట, వచ్చే ఆదివారం గురించి. కార్యదర్శి గారితో మాట్లాడి కొన్ని మార్పులు చేయించాను. మొదటి బృందం 5:45కు బయల్దేరుతుంది, ఆట తొమ్మిది హోల్స్‌తో ముగుస్తుంది. నాలుగో టీ దగ్గర, ఏడో టీ దగ్గర నీడలో మజ్జిగ కుండ, పక్కనే ముంజేతులు ముంచుకోవడానికి ఐస్ నీళ్ల బక్కెట్టు ఉంటాయి. స్కోరు కార్డు వెనక పెన్సిలుతో రెండు గడులు గీయించాను: ఒకటి ఆటగాడి బరువు, రెండోది క్యాడీ బరువు, బయల్దేరేముందు, తిరిగొచ్చాక. క్లబ్ గది గుమ్మం దగ్గర తూకం యంత్రం పెడతారు. రెండు గడులూ నిండని కార్డు తీసుకోమని స్కోరు రాసేవారికి చెప్పి ఉంచాను. క్యాడీ సోదరులు మొహమాటపడవద్దు, కుండ దగ్గర ముందు గ్లాసు మీదే. మజ్జిగలో ఉప్పు మాత్రం ఎవరికీ అప్పజెప్పను, నేనే దగ్గరుండి వేయిస్తాను.

నమస్కారం.